శ్రీశైలం కాలినడకకు ముందు: అక్షరాల వారీ జాగ్రత్తలు

అ – అడవి. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా పోయే నల్లమల దారి పులులు తిరిగేది. శివరాత్రి, ఉగాది రోజుల్లో అనుమతిచ్చినప్పుడే, గుంపుతోనే నడవండి.

చ – చెప్పులు. కొత్తవి అసలొద్దు. మడమ దగ్గర చురుక్కుమనగానే ఆగి టేపు వేసుకోండి. బొబ్బ లేచాక వేస్తే టేపుతోపాటు తోలూ ఊడొస్తుంది. మొహమాటపడి గుంపుతో నడుచుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

న – నీళ్లు. ఉగాదికి ఎండ మండిపోతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కూడా పెట్టుకోండి.

ఫ – ఫోన్. సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

భ – భీముని కొలను. లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారం దాకా మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులుంటే చేతికర్ర తప్పనిసరి. ఓపికంతా ముందే ఖర్చుపెట్టేయకండి.