ఇంటి లోపల పూలమొక్కలు: సామాను కొనే ముందు

చలికాలంలో గదిలోనే పూలు పూయించాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

లైటు (మొక్కల కోసం అమ్మే గ్రో లైటు): డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. డబ్బా మీద పెద్దగా వేసిన ‘1000 వాట్లు’ చాలాసార్లు పాత రకం బల్బులతో పోలిక కోసం వేసిన అంకె మాత్రమే. సన్న అక్షరాల్లో ఉండే అసలు విద్యుత్ వినియోగం వందో, నూటయాభయ్యో ఉంటుంది. దాన్నే నమ్మండి. ఊదా కాంతే కావాలనేమీ లేదు. తెల్ల ఎల్‌ఈడీ కిందా చక్కగా పూస్తాయి, పైగా ఆకు మీద మచ్చ, పురుగు వెంటనే కంటపడతాయి.

టైమర్: తప్పనిసరి. ఆఫ్రికన్ వయొలెట్‌కు రోజుకు 12 నుంచి 14 గంటల వెలుగు కావాలి. కలాంచో, చామంతుల్లో చాలా రకాలు మాత్రం రాత్రి దాదాపు 14 గంటలు కటిక చీకటి దొరికితేనే బాగా మొగ్గ తొడుగుతాయి. మధ్యలో హాలులో ట్యూబ్‌లైటు వెలిగినా ఆకులే పెరుగుతాయి, పాపం. అందుకే ఆఫ్రికన్ వయొలెట్‌ను వీటితో ఒకే అరలో పెట్టకండి.

కుండీ: అడుగున రంధ్రం లేని పింగాణీ కుండీ ఎంత అందంగా ఉన్నా వద్దు. వేరు కుళ్ళుతుంది.

కొబ్బరిపొట్టు (కుండీలో మట్టికి బదులు నింపేది): ఉప్పు తక్కువని రాసి ఉన్న, ఇటుకలా నొక్కిన దిమ్మె తీసుకోండి. లేదంటే రెండు మూడుసార్లు కడిగి పిండాలి. ఉప్పు మిగిలితే ఆకుల అంచులు మాడతాయి.

వైరు: సాకెట్ కంటే కిందికి వేలాడనిచ్చి, మళ్ళీ పైకి తెచ్చి ప్లగ్గు పెట్టండి. కారిన నీరు సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.