చెన్నై ఉక్కలో నార, ఈకల మాస్కును కాపాడుకోవడం

కాంగోలోని కుబా జనుల ముకెంగా మాస్కులో రాఫియా నార, గవ్వలు, పూసలు, ముందుకు వంగిన ఏనుగు తొండంలాంటి భాగం కొసన చిలుక ఎర్ర ఈకలు ఉంటాయి. అలాంటిది బెసెంట్ నగర్ ఇంట్లో గోడకెక్కిందంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: నారకూ ఈకకూ శత్రువులు వేరు. రాఫియా తాటి జాతి ఆకునార, చెమ్మకు బూజు పడుతుంది. ఈక మన వెంట్రుకలాంటిదే, దాన్ని చిమట పిల్లపురుగులు తింటాయి.

గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు మొదలవుతుంది. చెన్నైలో అది మామూలు సంగతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీ ఎక్కువ. అందుకే వానకు తడిసే బయటి గోడ వద్దు. లోపలి గోడకైనా 2 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, వెనక గాలి ఆడాలి. చవకైన తేమ మీటరు ఖరీదైన అద్దాల పెట్టె కన్నా మేలు.

చెమ్మ వాసన వస్తోందని ఎండలో మాత్రం పెట్టకండి. నార పెళుసెక్కుతుంది, ఎర్ర ఈక వెలుస్తుంది, పోయిన రంగు తిరిగి రాదు. వేపాకు పురుగును చంపదు.

ఈకల కింద ఇసుకలాంటి పొడి, ఖాళీ పొట్టు కనిపిస్తే ఫ్రీజరే మందు. మాస్కు లోపల టిష్యూ కాగితం నింపి, పాలిథిన్ కవరులో పెట్టి, గాలి తీసి టేపు వేయండి. మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక 24 గంటలు కవరు విప్పొద్దు. తొందరపడితే గాలిలోని చెమ్మంతా చల్లటి ఈకల మీద నీరై దిగుతుంది. చాలామంది పాడుచేసుకునేది ఇక్కడే. రంగు వేసిన చెక్క, జిగురు దట్టంగా ఉన్నవాటిని ఫ్రీజరులో పెట్టకూడదు, పగుళ్లు వస్తాయి.

దుమ్ముకు మెత్తని బ్రష్షు చాలు. ఈకను కాడ నుంచి కొస వైపే దువ్వాలి. పాత మాస్కుల మీద ఒకప్పుడు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ చల్లిన సందర్భాలున్నాయి, కాబట్టి చేతికి గ్లవుజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఊడిన ఈకను సూపర్ గ్లూతో అంటించొద్దు, నార గట్టిపడి అక్కడే విరుగుతుంది. సన్నని నూలుదారంతో కాడను పాత కట్టుకే కట్టండి. ఈక పోతే ఖాళీగానే వదలండి. ఈ ఎర్ర ఈకలు ఆఫ్రికా బూడిదరంగు చిలుక తోకవి. ఆ చిలుక 2017 నుంచి సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, దాని ఈకలు కొనే ప్రయత్నం చేయకూడదు.