ప్లే స్కూల్‌కి ఫీజు కట్టే ముందు అక్కడి బాత్‌రూమ్ చూసి రండి

అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో రెండున్నరేళ్ళ పిల్లలున్న ప్రతి అమ్మా అడిగేది ఒకటే, "ఏ ప్లే స్కూల్ బాగుంటుందండీ?" అని. నేను పేరు చెప్పను. చాలా స్కూళ్ళు ఫ్రాంచైజీలు కాబట్టి ఒకే బోర్డు ఉన్నా కూకట్‌పల్లిలో ఒకలా, కొండాపూర్‌లో ఇంకోలా నడుస్తుంటాయి. ఎలా చూసుకోవాలో మాత్రం చెప్తాను.

మా పాపని మొదట చేర్పించిన చోట గోడల నిండా బొమ్మలు, ఏసీ గదులు, నవ్వుతూ మాట్లాడే రిసెప్షన్, అన్నీ చూసి మురిసిపోయాం, ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశాం. నెల తిరక్కముందే ఒకటి గమనించాను. పొద్దున పోసిచ్చిన వాటర్ బాటిల్ సాయంత్రం అలాగే నిండుగా తిరిగొచ్చేది, పాప చెప్పులు కూడా విప్పకుండా బాత్‌రూమ్‌కి పరిగెత్తేది. డాక్టర్ యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నాక వెళ్ళి చూస్తే అక్కడ ఉన్నది పెద్దవాళ్ళ కమోడ్, కింద ఎప్పుడూ తడి, నలభై మంది పిల్లలకి ఇద్దరే ఆయమ్మలు. "ఇందాకే వెళ్ళావు కదా, కూర్చో" అన్న మాటకి భయపడి నా బిడ్డ నీళ్ళు తాగడమే మానేసింది. ఆ బాధ నాకింకా పోలేదు.

అందుకే చెప్తున్నా, ఓపెన్ హౌస్ రోజున, అంటే తల్లిదండ్రులకి చూపించడానికే స్కూల్ తెరిచిపెట్టే రోజున వెళ్ళకండి. మామూలు రోజు పదిన్నరకి, పిల్లలు స్నాక్స్ తినే టైంలో వెళ్ళండి. కమోడ్లు, కుళాయిలు పిల్లల ఎత్తులో ఉన్నాయా, లోపల గడియ లేకుండా ఉందా చూడండి. ఆ టైంలో ఏడుస్తున్న పిల్లలు ఒకరైనా ఉంటారు, ఆ పిల్లాడి దగ్గరికి ఎవరు వెళ్తున్నారు, కిందికి వంగి మాట్లాడుతున్నారా లేక దూరం నుంచే కేకేస్తున్నారా అన్నది పది నిమిషాలు నిలబడి చూస్తే బ్రోచర్ మొత్తం చదివినా తెలియనిది తెలిసిపోతుంది. మూడేళ్ళ పిల్లలున్న క్లాసు మరీ నిశ్శబ్దంగా ఉంటే నాకు అనుమానమే.

మనుషుల లెక్క తప్పకుండా అడగండి. చిన్నపిల్లల సంరక్షణ, చదువు మీద 2013లో వచ్చిన జాతీయ విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి 20 మందికి ఒకరు, మూడేళ్ళలోపు వాళ్ళకి 10 మందికి ఒకరు ఉండాలి. టీచర్‌కి తెలుగు వచ్చా అని కూడా అడగండి. హైదరాబాద్‌లో ఇది చిన్న విషయం కాదు, "ఒకటికి వస్తోంది" అని పిల్ల చెప్తే అర్థం కాని టీచర్ ఎంత ఇంగ్లీష్ మాట్లాడితే ఏం లాభం?

ఇక చదువు. మూడేళ్ళకే నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు రాయిస్తున్నామని గొప్పగా చూపిస్తే నేనైతే చేర్పించను, ఆ వేళ్ళకి ఇంకా పెన్సిల్ పట్టి అలా రాసేంత బలం రాదు. మట్టి, నీళ్ళు, పూసలు, కథలు, పాటలు ఉన్నాయా చూడండి. వయసు తొందర కూడా వద్దు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలి, అంటే నర్సరీకి మూడు, ఎల్‌కేజీకి నాలుగు, యూకేజీకి ఐదు. తర్వాత చేర్చాలనుకున్న పెద్ద స్కూల్‌లో ఏ తేదీకి వయసు లెక్కిస్తారో ముందే కనుక్కోండి, లేదంటే పిల్ల ఒక క్లాసు రెండుసార్లు చదవాల్సి రావచ్చు.

ఫీజు మొత్తం కాగితం మీద రాసిమ్మనండి, యూనిఫాం, పుస్తకాలు, యాక్టివిటీ ఫీజుతో సహా. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కూడా. టర్మ్ వారీగా కట్టడమే మంచిది, మాకు ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. ఇంటికి పావుగంటలో చేరేలా ఉంటే చాలు, కానీ పిల్లని ఎవరికి అప్పగించాలన్న విషయంలో గేటు దగ్గర వాళ్ళు గట్టిగా ఉండాలి.

అంగన్‌వాడీని చూడకుండానే కొట్టిపారేయకండి. 1975 నుంచి నడుస్తున్న వ్యవస్థ, ఫీజు లేదు, అన్నం, గుడ్డు పెడతారు, టీచర్ మన భాషే మాట్లాడుతుంది. కొన్ని ఇరుకుగా ఉంటాయి, కొన్ని చాలా బాగుంటాయి, వెళ్ళి ఒక గంట కూర్చోండి.

మొదటి వారం అమ్మని కాసేపు లోపల కూర్చోనిస్తారా అని అడగండి. చేర్పించాక "ఏం నేర్పారు?" అని కాకుండా "ఏడిస్తే ఎవరు ఎత్తుకున్నారు?" అని పాపని అడగండి. రోజూ బాటిల్‌లో ఎన్ని నీళ్ళు మిగిలాయో చూడండి. మేం స్కూల్ మార్చిన రెండో వారం మా పాప ఖాళీ బాటిల్‌తో వచ్చింది, మూత ఎక్కడో పారేసుకుని.