పబ్లిక్ చేసే ముందు ఒక్కసారి ఆగండి

లైబ్రరీ (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) రాసేటప్పుడు ఏదైనా ఫంక్షన్‌ని పబ్లిక్ చేయాలా, అంటే బయటివాళ్లు వాడుకోనివ్వాలా వద్దా అని తేలకపోతే, ప్రైవేట్‌గానే ఉంచేయండి. తర్వాత పబ్లిక్ చేయడం ఒక్క లైన్ పని. ఒకసారి బయటపెట్టాక వెనక్కి తీసుకోవాలంటే మాత్రం దాన్ని వాడుతున్న ప్రతి ఒక్కరి కోడూ ఆగిపోతుంది.

జావాలో సన్.మిస్క్.అన్‌సేఫ్ క్లాస్ సంగతే చూడండి. జేడీకే (జావా ప్రోగ్రాములు రాయడానికి వాడే కిట్) లోపలి అవసరాల కోసం రాసుకున్నది అది. పేరులోనే హెచ్చరిక ఉన్నా, వేగం కోసం పెద్ద పెద్ద లైబ్రరీలే దాన్ని వాడేశాయి. 2017లో జావా 9తో మాడ్యూల్స్ (కోడ్‌ని విడి భాగాలుగా కట్టి, ఏది బయటికి కనిపించాలో చెప్పే పద్ధతి) వచ్చి లోపలి క్లాసులను మూసేయడం మొదలైనా, దీన్ని మాత్రం తీసేయలేక జేడీకే.అన్‌సపోర్టెడ్ అనే మాడ్యూల్‌లో ఉంచాల్సి వచ్చింది. డాక్యుమెంట్‌లో "వాడొద్దు" అని రాస్తే సరిపోదు, వాడే వీలే లేకుండా చేయాలి.

అందుకే నాకు గో అనే ప్రోగ్రామింగ్ భాష పద్ధతి చాలా ఇష్టం. ఫంక్షన్ పేరు పెద్ద (క్యాపిటల్) అక్షరంతో మొదలైతేనే అది తన ప్యాకేజీ (ఒక ఫోల్డర్‌లోని కోడ్) బయట కనిపిస్తుంది. ఇంటర్నల్ అనే ఫోల్డర్‌లో పెట్టిన ప్యాకేజీని వేరే ప్రాజెక్ట్ ఇంపోర్ట్ చేస్తే బిల్డే అవ్వదు.

ఇంకోటి, టెస్టుల కోసమని ఏదీ పబ్లిక్ చేయకండి. గోలో టెస్ట్ ఫైల్‌ని అదే ప్యాకేజీలో పెడితే ప్రైవేట్ ఫంక్షన్లు కూడా అందుతాయి.