నీలం గీత, ఎర్ర గీత: ఏఆర్‌తో రోబో ప్రోగ్రామింగ్ నేర్పడం

ప్రోగ్రాం తప్పిందని పిల్లలకు చెప్పడం తేలికే. ఎక్కడ, ఎంత తప్పిందో కళ్లకు కట్టడమే కష్టం. ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే కెమెరా దృశ్యం మీద కంప్యూటర్ గీసిన బొమ్మలను కలిపి చూపడం) అక్కరకొచ్చేది అక్కడే. రోబో కదలకముందే అది వెళ్లాల్సిన దారి కెమెరా దృశ్యం మీద నీలం గీతగా రావాలి. కదిలాక, అది నిజంగా నడిచిన దారి ఎర్ర గీతగా పడాలి. ఖరీదైన హెడ్‌సెట్లు అక్కర్లేదు. వెబ్‌క్యామ్, ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ చాలు.

నేల మీద 120×80 సెం.మీ. దీర్ఘచతురస్రం గీయండి. 4×4 గళ్ల ఆరూకో మార్కర్లు (కెమెరా చూసి నంబరు గుర్తుపట్టే నలుపు-తెలుపు చదరపు గుర్తులు) 8 సెం.మీ. సైజులో ప్రింట్ తీసి, 0 నుంచి 3 వరకు నాలుగు మూలల్లో, 10వ నంబరుది రోబో నెత్తిన అతికించండి. కత్తిరించేటప్పుడు చుట్టూ 1.5 సెం.మీ. తెల్ల అంచు వదలాలి. లేకపోతే నల్ల చట్రం నేల రంగులో కలిసిపోయి మార్కర్ దొరకదు. లామినేషన్ చేయించొద్దు, ట్యూబ్‌లైటు మెరుపు గళ్లను తినేస్తుంది.

కెమెరా నడినెత్తిన 160 సెం.మీ. ఎత్తులో, సూటిగా కిందికి చూడాలి. అడ్డంగా 60 డిగ్రీలు చూసే కెమెరాలో, 1280×720 దగ్గర ఒక్కో మార్కర్ సుమారు 55 పిక్సెళ్లు వస్తుంది. అద్దంలోలా తిప్పి చూపే సెట్టింగ్ ఉంటే తీసేయండి, తిరగబడిన మార్కర్ నంబరు చదవడం కుదరదు.

మార్కర్లను గుర్తించడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఓపెన్‌సీవీలో, 4.7 వెర్షన్ నుంచి ఆరూకో ఫంక్షన్ల పేర్లు మారాయి. పాత నమూనా కోడ్ ఆగిపోతే ముందు అదే చూడండి. నాలుగు మూలల ఆధారంగా పిక్సెళ్లను సెంటీమీటర్లలోకి మార్చే మాతృక కట్టండి. నీలం గీతను చిత్రం మీద గీయడానికి దాని విలోమం వాడండి. ఎడమ కింది మూల (0,0), ఎడమ పై మూల (0,80) అనుకోవాలి. చిత్రంలో వై అక్షం కిందికి పెరుగుతుంది కాబట్టి, ఇది మరిస్తే ఎడమ మలుపు కుడికి పడుతుంది.

ఇక పాఠం: "ముందుకు 40, ఎడమకు 90, ముందుకు 40" (దూరాలు సెం.మీ.లో, మలుపు డిగ్రీల్లో). గీతలు రెండూ పడ్డాక వెంటనే కోడ్ దిద్దనివ్వకండి, ముందు తేడా ఆకారం చదివించండి. ఎర్ర గీత పొట్టిగా ఉంటే, సమయాన్ని బట్టి నడిచే బీవో మోటార్లకు (బ్యాటరీతో తిరిగే చిన్న గేరు మోటార్లు) బ్యాటరీ తగ్గినట్టు. వంగితే రెండు మోటార్ల వేగం ఒకటి కాదు. మొదటి భాగం సరిపోయి రెండోది పక్కకు ఒరిగితే మలుపులో తప్పు: 5 డిగ్రీల తేడా 40 సెం.మీ. దూరానికి 3.5 సెం.మీ. అవుతుంది. మలుపులో ఎర్ర గీత తెగితే రోబోది తప్పు కాదు. చిత్రం మసకబారి మార్కర్ పోయింది, వేగం తగ్గించండి.

కెమెరా కూడా అబద్ధమాడుతుంది. రోబో మార్కర్ నేలకు 10 సెం.మీ. ఎత్తులో ఉంటే, కెమెరా కింది బిందువుకు 60 సెం.మీ. దూరంలోని రోబో 64 దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ బిందువు నుంచి కొలిచిన దూరాన్ని 150/160తో గుణిస్తే సరిపోతుంది. పాఠానికి ముందే రోబోను అంచున పెట్టి టేపుతో కొలిచి, తెర మీది అంకెతో పోల్చుకోండి.