విరుగుడు ఇంజెక్షన్లు చెడుతున్నాయా? ప్యాకింగు కూడా చూడండి

రోహిణి కార్తెలో కనిగిరి, ఉదయగిరి వైపు మాడే ఎండ, కావలి, కొత్తపట్నం తీరంలో ఉక్కపోత. పీహెచ్‌సీలో విరుగుడు మందు తేడా కొడితే అందరూ ముందు ఫ్రిజ్‌నీ కరెంటునీ తిడతారు. చాలాసార్లు తప్పు సీసా మూతలోనో, పారేసిన అట్టపెట్టెలోనో ఉంటుంది.

సమస్య: పాముకాటు మందు (ఏఎస్‌వీ) పొడి కరగడం లేదు.
వయల్లో (చిన్న మందు సీసాలో) తడి లేనంతకాలమే ఈ పొడి నిలుస్తుంది. తడి చేరే దారి రబ్బరు మూత. అల్యూమినియం సీల్‌ని రెండు వేళ్లతో తిప్పి చూడండి, తిరిగితే బిగింపు వదులైనట్టే. లోపలి తెల్లటి పొడి బిళ్ల ముడుచుకుపోయి బంకలా అడుగుకు అంటుకుంటే ఆ వయల్ పక్కన పెట్టి, అదే బ్యాచ్‌లో మిగతావీ చూడండి. అయితే తొందరపడొద్దు. 10 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి గట్టిగా కుదిపితే నురగ లేచి, కరిగిన మందు కూడా కరగనట్టే కనిపిస్తుంది. అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, కొన్ని నిమిషాలు ఆగండి. అప్పటికీ ముక్కలున్నా, మబ్బుగా ఉన్నా ఎక్కించొద్దు.

సమస్య: ద్రవ రూపంలోని ఏఎస్‌వీ మబ్బుగా మారింది.
ఒకసారి గడ్డకట్టి ఉండొచ్చు. దీనికి 2–8 డిగ్రీలు కావాలి. ఐఎల్‌ఆర్‌లో (గోడల్లో ఐస్ ఉండే మందుల ఫ్రిజ్‌లో) అడుగుకో గోడకో ఆనించి పెట్టినా, తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్‌కు తగిలినా ఇంతే. పెట్టెతో సహా బుట్టలో ఉంచండి. గడ్డకట్టిన మందు కరిగాక తేటగా కనిపించినా వాడకూడదు. పొడి రకానికి ఉష్ణోగ్రత ఎంతన్నది దాని లేబుల్ చూసే తేల్చుకోవాలి. రెండు రకాలూ ఒకే అరలో కలిపితే అర్ధరాత్రి ఎవరో ఒకరు తారుమారు చేస్తారు.

సమస్య: అట్రోపిన్ ఆంపూళ్లు (మెడ విరిచి వాడే చిన్న గాజు గొట్టాలు) విడిగా ట్రేలో ఉన్నాయి.
పురుగుమందు తాగిన కేసుకి అట్రోపిన్ ఆంపూళ్లు బోలెడు పడతాయి కాబట్టి పెట్టెలన్నీ విప్పి, కిటికీ పక్క ట్రేలో పోసేస్తారు. ఇది మానాలి. అట్రోపిన్‌ని వెలుగు పడకుండా ఉంచాలి, రంగులేని గాజుకి ఆ పెట్టే గొడుగు. ట్రేలో ఆరోజుకు సరిపడా ఉంచి, మిగతావి పెట్టెలోనే దాచండి. నాసిరకం గాజు నుంచి క్షారం దిగితే మందు ఇంకా త్వరగా విరుగుతుంది. నల్లటి గుడ్డ ముందు పెట్టి చూడండి: మెరిసే గాజు పొరలు తేలితే ఆ ఆంపూల్ పనికిరాదు.

సమస్య: ప్రాలిడాక్సిమ్ (పురుగుమందు విషానికి మరో విరుగుడు) వయల్లో కలిపిన మందు మిగిలింది.
పారబోయండి. నీళ్లు కలిపాక పొడికి ఉన్న నిలకడ ఉండదు, తర్వాతి కేసుకి దాచొద్దు.

సమస్య: ఎన్‌-ఎసిటైల్‌సిస్టీన్ (పారాసిటమాల్ విషానికి విరుగుడు) వయల్‌కి సూది గుచ్చాక లేత గులాబీ లేదా ఊదా రంగు వచ్చింది.
ఈ ఒక్కచోట కంగారు అక్కర్లేదు. ఆ రంగు వల్ల మందు నాణ్యత తగ్గదు.

చెడిన వయల్‌ని డస్ట్‌బిన్‌లో వేయకుండా బ్యాచ్ నంబరున్న పెట్టెతో కలిపి సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కి పంపండి. పెట్టె లేని వయల్ మీద లేబుల్ చెమ్మకి చెరిగితే అది ఏ బ్యాచ్‌దో అక్కడివాళ్లు కూడా తేల్చలేరు.