పసిబిడ్డకు గుడ్డు అలవాటు చేయడం: ఎప్పుడు, ఎలా, ఎంత

బిడ్డకు ఘనాహారం మొదలుపెట్టిన ఇంట్లో గుడ్డు ప్రస్తావన వచ్చేసరికి పెద్దవాళ్ల మాట ఒక దారిన, వైద్యుల మాట ఇంకో దారిన నడుస్తాయి. ఏడాది నిండేదాకా గుడ్డు ముట్టించకూడదని, ఆ తర్వాత కూడా ముందు పచ్చసొన పెట్టి, తెల్లసొన సంగతి నెమ్మదిగా చూసుకోవాలని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే ఒకప్పుడు వైద్యులు చెప్పిన మాటే అది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు రెండేళ్లదాకా గుడ్డు పెట్టవద్దని 2000లో అమెరికాలోని పిల్లల వైద్యుల సంస్థ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచించింది. అలా ఆపి ఉంచినందువల్ల అలర్జీలు తగ్గుతాయనడానికి తగిన ఆధారాలు లేవని తేలడంతో 2008లో అదే సంస్థ తన వైఖరి మార్చుకుంది. వైద్యుల మాట మారినంత వేగంగా ఇళ్లలో మాట మారలేదు, అంతే.

ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు ఉన్న పసిపిల్లలపై జపాన్‌లో జరిపిన ఒక అధ్యయనం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. అందులో కొందరు పిల్లలకు ఆరో నెల నుంచి, వేడిచేసి తయారుచేసిన గుడ్డు పొడిని రోజూ అతి కొద్ది మోతాదులో ఇచ్చారు, మిగిలినవారికి గుడ్డు లేని పొడి ఇచ్చారు. అందరికీ ఎగ్జిమాకు చికిత్స కొనసాగించారు. ఏడాది వయసుకు వచ్చేసరికి గుడ్డు తిన్న పిల్లల్లో సుమారు 8 శాతం మందికి, తినని పిల్లల్లో సుమారు 38 శాతం మందికి గుడ్డు అలర్జీ కనిపించింది. దీని వెనుక ఉన్న వివరణ ఆసక్తికరంగా ఉంటుంది. దెబ్బతిన్న చర్మం గుండా ఒక ఆహారపు ప్రొటీన్ శరీరంలోకి చేరితే రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తించే అవకాశం ఉంటుంది. అదే ప్రొటీన్ నోటి ద్వారా పేగుల్లోకి చేరితే దాన్ని సహించడం నేర్చుకుంటుంది. గుడ్డు వండుకునే ఇంట్లో చేతుల మీద, బట్టల మీద, ధూళిలో దాని ఆనవాళ్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి, బిడ్డకు పెట్టకపోయినంత మాత్రాన గుడ్డుకు దూరంగా ఉంచినట్టు కాదు. ఈ కారణంగానే, పరీక్ష పేరుతో గుడ్డును బిడ్డ బుగ్గ మీదో చేతి మీదో రాసి చూడకూడదు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. తల్లిపాలకు తోడుగా అనుబంధ ఆహారాన్ని ఆరు నెలలు నిండినప్పుడు మొదలుపెట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నాలుగు నెలలు నిండకముందు ఏ ఘనాహారమూ పెట్టకూడదన్న విషయంలో వైద్యుల్లో భిన్నాభిప్రాయం లేదు. నెలలు లెక్కపెట్టడంతో పాటు బిడ్డను గమనించడం కూడా అవసరం. తల నిలపాలి, కాస్త ఆసరా ఇస్తే కూర్చోగలగాలి, నోట్లో పెట్టినదాన్ని ప్రతిసారీ నాలుకతో బయటికి నెట్టేయకుండా మింగగలగాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో ఈ లెక్క ఎలా వేయాలో వైద్యులు చెబుతారు. మొట్టమొదటి ముద్దగా గుడ్డే పెట్టనక్కరలేదు. అలర్జీ కలిగించే అవకాశం తక్కువగా ఉన్న కూరగాయల గుజ్జు, పండు గుజ్జు వంటివి రెండు మూడు అలవాటై, చెంచాతో తినడం బిడ్డకు తెలిసిన తర్వాత గుడ్డు వంతు వస్తే, బిడ్డ ముఖం చిట్లించినా, ఓకరించినా అది చెంచా మీద అయిష్టమా, గుడ్డు మీద ప్రతిచర్యా అన్న అయోమయం ఉండదు. అయితే ఆ రెండు మూడింటి పేరు చెప్పి నెలల తరబడి వాయిదా వేయకూడదు.

ముందుగా వైద్యుణ్ణి కలవవలసిన పిల్లలు కొందరున్నారు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవారు, మరో ఆహారానికి ఇప్పటికే అలర్జీ ఉన్నవారు, ఇంతకుముందు గుడ్డు తగిలి దద్దుర్లు వచ్చినవారు ఆ కోవలోకి వస్తారు. వీరిలో కొందరికి మొదటి ముద్దను ఆసుపత్రిలో, వైద్యుల ఎదుట పెట్టవలసి రావచ్చు. తల్లికో తండ్రికో అలర్జీ ఉందన్న ఒక్క కారణంతో మాత్రం ఆపవలసిన పని లేదు.

వండే తీరు విషయంలో ఏ సడలింపూ పనికిరాదు. గుడ్డు రెండు సొనలూ గట్టిపడేదాకా ఉడకాలి. మరిగే నీటిలో పది పన్నెండు నిమిషాలు ఉంచితే మామూలు పరిమాణంలోని గుడ్డు పూర్తిగా ఉడుకుతుంది. కోసి చూసినప్పుడు పచ్చసొన మధ్యలో తడిగా, ముదురు రంగులో మెరుస్తూ కనిపిస్తే ఇంకా ఉడకాలని అర్థం. అంచు నుంచి నడిమి దాకా ఒకే లేత పసుపుతో, వేలితో నలిపితే పొడిలా రాలాలి. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని చార కనిపించినా భయపడనక్కరలేదు, ఎక్కువసేపు ఉడికినప్పుడు ఇనుము, గంధకం కలిసి ఏర్పడే పొర అది. సరిగా ఉడకని గుడ్డుతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, విరేచనాలు, జ్వరం కలిగించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా. రెండోది అంతగా ప్రచారంలో లేదు: పచ్చి గుడ్డులోని ప్రొటీన్లకు అలర్జీ కలిగించే శక్తి ఎక్కువ. తెల్లసొనలో ఎక్కువగా ఉండే ఓవాల్బుమిన్ అనే ప్రొటీన్ వేడికి రూపం మార్చుకుంటుంది కానీ పచ్చి గుడ్డులో చెక్కుచెదరకుండా ఉంటుంది. పచ్చి తెల్లసొన పొడితో జర్మనీలో జరిగిన ఒక ప్రయోగంలో కొందరు పసిపిల్లలకు తీవ్రమైన ప్రతిచర్యలు రావడంతో, బాగా ఉడికిన గుడ్డునే పెట్టాలన్న సూచనకు బలం చేకూరింది.

పచ్చసొన ముందు, తెల్లసొన తర్వాత అన్న పాత క్రమాన్ని ఇప్పుడు పాటించనక్కరలేదు. అలర్జీ కలిగించే ప్రొటీన్లలో ముఖ్యమైనవన్నీ తెల్లసొనలోనే ఉన్నాయి కాబట్టి, పచ్చసొన ఒక్కటే పెడుతూ ఉంటే బిడ్డ శరీరానికి పరిచయం కావలసినది పరిచయం కాకుండానే నెలలు గడిచిపోతాయి. రెండింటినీ కలిపి మెదపడమే మేలు. ఉడికిన పచ్చసొన పొడిపొడిగా ఉండి అంగిలికి అతుక్కుపోతుంది, తెల్లసొన జారుడుగా, రబ్బరులా సాగుతుంది. రెండూ పసినోటికి ఇబ్బందే. తెల్లసొనను సన్నని తురుముగా తీసి, పచ్చసొనను వేళ్లతో నలిపి, తల్లిపాలో, బిడ్డ తాగే డబ్బాపాలో, కాచి చల్లార్చిన నీళ్లో కొద్దికొద్దిగా పోస్తూ చెంచా వెనక భాగంతో రుద్దితే ఉండలు లేని ముద్ద తయారవుతుంది. చెంచాను పక్కకు వంచినప్పుడు ముద్ద నెమ్మదిగా జారాలి. అతుక్కుని నిలిచిపోతే ఇంకొంచెం పాలు కలపాలి. ఉప్పు, పంచదార వేయకూడదు. ఏడాది నిండనిదే తేనె ఏ రూపంలోనూ ఇవ్వకూడదు.

మొదటిసారి పెట్టే రోజును కాస్త ఆలోచించి ఎంచుకోవాలి. బిడ్డకు జలుబు, జ్వరం, విరేచనాలు లేని రోజు కావాలి, టీకా వేయించి ఒకటి రెండు రోజులు కూడా కాని సమయం కాకుండా చూసుకోవాలి. రాత్రి భోజనం వేళ, నిద్రపుచ్చే ముందు వద్దు. ఉదయం పెడితే తర్వాత రెండు గంటల పాటు బిడ్డ మెలకువగా ఉంటుంది, వైద్యుడూ అందుబాటులో ఉంటాడు. ఆ రోజు మరే కొత్త పదార్థమూ పెట్టకూడదు. మొదట చెంచా కొసకు అంటినంత మాత్రమే, అంటే పావు చెంచాకు మించకుండా నాకించి పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఏ మార్పూ లేకపోతే అప్పటికే కలిపి పెట్టిన ఒక టీ చెంచాడు ముద్దను బిడ్డకు ఇష్టమైనంత వరకు, నింపాదిగా పెట్టవచ్చు. తర్వాత రెండు గంటల పాటు ఒక కన్ను వేసి ఉంచితే సరిపోతుంది. నిమిషానికోసారి చొక్కా పైకెత్తి చూస్తూ బిడ్డనూ ఇంటిల్లిపాదినీ కంగారు పెట్టనక్కరలేదు. సమస్య లేకపోతే తర్వాతి రోజుల్లో ఒక చెంచా, రెండు చెంచాలు, పావు గుడ్డు, అర గుడ్డు అంటూ పెంచుకుంటూ పోవచ్చు.

చాలామంది జారవిడిచేది దీని తర్వాతి మెట్టునే. గుడ్డు పడింది, అలర్జీ లేదు అని నిశ్చింతపడి, మళ్లీ నెల రోజుల దాకా దాని ఊసెత్తరు. గుడ్డును సహించే గుణం బిడ్డ శరీరంలో ఒక్క ముద్దతో స్థిరపడదు. ఒకసారి అలవాటు చేసిన గుడ్డును వారానికి కనీసం రెండుసార్లు, తరచూ కొనసాగించాలి. నా దృష్టిలో మొదటి రోజు పడే ఆందోళనలో సగమైనా ఈ కొనసాగింపు మీద పెడితే ఎక్కువ ప్రయోజనం. బిడ్డ మొదట్లో ఉమ్మేస్తే బలవంతం చేయకుండా రెండు మూడు రోజులాగి మరో రూపంలో ఇవ్వాలి. కొత్త రుచిని ఒప్పుకోవడానికి కొందరు పిల్లలకు పదిసార్లయినా పట్టవచ్చు. గుడ్డు కలిపి కాల్చిన బిస్కెట్టు, కేకు వంటివి ఈ లెక్కలోకి రావు. పిండితో కలిసి ఎక్కువసేపు కాలిన గుడ్డులో అలర్జీ కలిగించే శక్తి బాగా తగ్గిపోతుంది. అవి తిని ఏమీ కాని బిడ్డకు ఉడికిన గుడ్డు పడకపోయే అవకాశం ఉంది.

ప్రతిచర్యలను గుర్తించడంలో కొంత విచక్షణ కావాలి. ముద్ద తగిలినచోట మూతి చుట్టూ కాస్త ఎర్రబడి, తుడిచాక అరగంటలో తగ్గిపోతే అది తరచూ చర్మానికి కలిగిన ఒరిపిడి మాత్రమే. చొంగ కారే పిల్లల్లో ఇది మామూలు. కానీ గుడ్డు తగలని చోట, అంటే పొట్ట మీద, వీపు మీద ఉబ్బెత్తు దద్దుర్లు లేచినా, కళ్లు, పెదవులు వాచినా, వాంతులైనా గుడ్డు ఆపి వైద్యుణ్ణి సంప్రదించాలి. ఇవి సాధారణంగా నిమిషాల్లో మొదలై రెండు గంటల్లోపు కనిపిస్తాయి. ఊపిరి కష్టంగా తీయడం, పిల్లికూతలు, ఆగని దగ్గు, ఏడుపు గొంతు బొంగురుపోవడం, నాలుక వాయడం, బిడ్డ పాలిపోయి వేలాడిపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణాపాయం కలిగించగల తీవ్రమైన అలర్జీ ప్రతిచర్య. వెంటనే అంబులెన్సును పిలవాలి, వైద్యులు ముందే రాసిచ్చిన ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంటే ఆలస్యం చేయకుండా వేయాలి. బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ తిప్పకుండా వెల్లకిలా, సమంగా పట్టుకోవాలి. మరో రకం ప్రతిచర్య ఆలస్యంగా వస్తుంది: తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత, ఒంటి మీద ఒక్క దద్దురూ లేకుండా, బిడ్డ మళ్లీ మళ్లీ వాంతులు చేసుకుని నీరసించిపోతుంది. దీన్ని మామూలు అజీర్తి అనుకుని తర్వాతి వారం మళ్లీ గుడ్డు పెట్టేవారున్నారు. రెండోసారి కూడా ఇలాగే జరిగేదాకా ఆగకుండా మొదటిసారే వైద్యుడికి చెప్పాలి.

ముద్ద నుంచి ముక్కలకు మారడం పెద్ద పని కాదు. చేత్తో పట్టుకుని తినాలని ఉబలాటపడే బిడ్డకు బాగా కాలిన పల్చని ఆమ్లెట్‌ను పెద్దవాళ్ల వేలంత పొడవున పేలికలుగా కోసి ఇవ్వవచ్చు. బొటనవేలు, చూపుడువేలుతో చిన్న వస్తువులు ఏరుకోవడం వచ్చాక చిన్న ముక్కలు చేయాలి. గుడ్డును మొత్తంగా గానీ, సగానికి కోసి గానీ ఇవ్వకూడదు. తినేటప్పుడు బిడ్డ నిటారుగా కూర్చుని ఉండాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఉడికిన గుడ్డును గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, బిడ్డ ఎంగిలి చెంచా తగిలిన ముద్దను దాచి మరో పూటకు పెట్టకూడదు.

ఇంత జాగ్రత్తకు తగిన ఫలితం గుడ్డులో ఉంది. ఒక్క గుడ్డులో సుమారు ఆరు గ్రాముల ప్రొటీన్‌తో పాటు మెదడు ఎదుగుదలకు అవసరమైన కోలిన్ దాదాపు 147 మిల్లీగ్రాములు ఉంటుంది. ఏడు నుంచి పన్నెండు నెలల బిడ్డకు రోజుకు తగినంతగా భావించేది 150 మిల్లీగ్రాములు. ఈ కోలిన్ ఉండేది దాదాపుగా పచ్చసొనలోనే. ఇనుము కోసం మాత్రం గుడ్డును నమ్ముకోలేం. పచ్చసొనలోని ఫాస్విటిన్ అనే ప్రొటీన్ ఇనుమును గట్టిగా పట్టి ఉంచడంతో శరీరానికి అందేది తక్కువ, కనుక మాంసం, పప్పులు, ఇనుము చేర్చిన ఆహారాలు వేరుగా పెట్టాలి.

అలర్జీ ఉందని తేలిన పిల్లల్లో ఎక్కువమంది పెద్దవుతున్నకొద్దీ దాన్నుంచి బయటపడతారు, కాబట్టి ఇంట్లో సొంతంగా ప్రయత్నించకుండా వైద్యులు చెప్పిన వ్యవధిలో తిరిగి పరీక్ష చేయించాలి. ఈలోగా గుడ్డు అలర్జీ పేరుతో తట్టు టీకాను వాయిదా వేయకూడదు. ఆ టీకా వైరస్‌ను కోడిపిండపు కణాల్లో పెంచినా, అందులో మిగిలే గుడ్డు ప్రొటీన్ అత్యల్పం కావడంతో ఈ పిల్లలకు దాన్ని మామూలుగానే వేస్తారు.